కాయిళ్లు, మోటర్లు, బ్యాటరీల దెబ్బ నుంచి పవర్ సప్లైని కాపాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

డ్రిప్ వాల్వులకు ప్యానెల్ పెట్టుకున్న బత్తాయి రైతు, ఇన్వర్టర్ బ్యాటరీలు చూసే షాపు, ప్రాజెక్టు చేస్తున్న పాలిటెక్నిక్ విద్యార్థి: నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఈ ప్రశ్నలు ఎక్కువగా వచ్చేది వీళ్ల పనిలోనే. ఇక్కడ సప్లై అంటే 12 లేదా 24 వోల్టుల ఎస్ఎంపీఎస్ (స్విచింగ్ రకం పవర్ సప్లై), లేదంటే టేబుల్ మీద పెట్టుకునే 0–30 వోల్టుల వేరియబుల్ సప్లై. 230, 415 వోల్టుల మాట వచ్చిన చోట విడిగా చెప్పాం. అక్కడ మెయిన్ తీయకుండా చెయ్యి పెట్టొద్దు.

బల్బు పెడితే ఏమీ కాని సప్లై కాయిల్ పెడితే ఎందుకు పోతుంది?

బల్బు తీసుకున్నదంతా వేడిగా, వెలుతురుగా ఖర్చు పెట్టేస్తుంది. కాయిల్, తిరిగే మోటరు, బ్యాటరీ, పెద్ద కెపాసిటర్ అలా కాదు. తీసుకున్న దాంట్లో కొంత దాచుకుంటాయి, ఆపగానే వెనక్కి తోస్తాయి. మామూలు సప్లైకి ఇవ్వడమే తెలుసు, తీసుకోవడం తెలియదు. ఔట్‌పుట్ వోల్టేజీ పెరిగితే రెగ్యులేటరు తన కరెంటును సున్నాకు తగ్గించుకోగలదు. బయటి నుంచి వచ్చి పడే కరెంటును మింగి వోల్టేజీని కిందికి లాగడం దాని వల్ల కాదు. అప్పుడు ఆ ఎనర్జీ ఔట్‌పుట్ కెపాసిటర్‌లోకి పోతుంది, వోల్టేజీ ఎగబాకుతుంది, 25 లేదా 35 వోల్టుల కెపాసిటర్ ఉబ్బుతుంది, లేదా పాస్ ట్రాన్సిస్టర్ (సప్లైలో కరెంటును అదుపు చేసేది) ఉల్టా కరెంటుకు పోతుంది.

కాబట్టి ఏ లోడు పెట్టినా ముందు చూసుకోవాల్సింది ఇదే: ఆపినప్పుడు ఇందులో దాగిన ఎనర్జీ ఏ దారిన పోతుంది? దారి మనం చూపకపోతే అదే వెతుక్కుంటుంది, ఆ దారిలో ఖరీదైన పార్టే ఉంటుంది.

దాగిన ఎనర్జీ ఎంతో లెక్క కట్టేదెలా?

కాయిల్‌లో: ఇండక్టెన్సును కరెంటు వర్గంతో హెచ్చించి సగం చేయాలి. 12 వోల్టుల, 400 ఓముల చిన్న రిలే కాయిల్ 30 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. ఇండక్టెన్సు అర హెన్రీ అనుకుంటే ఎనర్జీ పావు మిల్లీజౌల్ కూడా ఉండదు. అయినా దాన్ని నడిపే ట్రాన్సిస్టర్‌ను చంపడానికి అది చాలు, ఎందుకంటే కరెంటు ఒక్కసారిగా తెగితే వోల్టేజీ వందల్లోకి లేస్తుంది. రైస్ మిల్లులో ఇనుప ముక్కలు పట్టే అయస్కాంతం లాంటిది 2 హెన్రీలు, 5 ఆంపియర్లు అయితే 25 జౌళ్లు. అది మనిషిని కూడా విసిరికొడుతుంది.

కెపాసిటర్‌లో అయితే కెపాసిటెన్సు, వోల్టేజీ వర్గం, సగం. తిరిగే మోటరుకైతే బరువూ వేగమూ చూడాలి. 300 కిలోల స్లైడింగ్ గేటు సెకనుకు 20 సెంటీమీటర్ల వేగంతో పోతుంటే 6 జౌళ్లు.

రిలే, సోలెనాయిడ్ కాయిల్‌కు డయోడు ఎటు పెట్టాలి? ఏ నంబరు?

డీసీ కాయిల్ రెండు కొసల మధ్య, డయోడు మీద గీత ఉన్న కొస ప్లస్ వైపు. మామూలుగా నడిచేటప్పుడు డయోడులో కరెంటు పారదు. స్విచ్చు తెరవగానే కాయిల్ కరెంటు డయోడులో తిరిగి తిరిగి చల్లారుతుంది.

రేటింగ్ విషయంలో ఒక అపోహ ఉంది: వేల వోల్టులు వస్తాయి కాబట్టి భారీ డయోడు కావాలనుకుంటారు. డయోడు ఉంటే ఆ వోల్టులు పుట్టనే పుట్టవు. డయోడులో పారేది ఆపిన క్షణాన కాయిల్‌లో ఎంత ఉందో అంతే, ఒక్క మిల్లీఆంపియర్ ఎక్కువ కాదు. కాబట్టి కరెంటు రేటింగ్ కాయిల్ కరెంటుకు తగ్గకుండా, వోల్టేజీ రేటింగ్ సప్లైకి రెండింతలు ఉంటే సరిపోతుంది. 1ఎన్4007 ఒక ఆంపియరు దాకా, 1ఎన్5408 మూడు ఆంపియర్ల దాకా. రెండూ 1000 వోల్టులవి, టీవీ రిపేరు చేసే ఏ షాపులోనైనా దొరుకుతాయి.

పీడబ్ల్యూఎంతో (వేగంగా ఆన్–ఆఫ్ చేస్తూ) నడిపే కాయిల్, మోటరు అయితే 1ఎన్4007 పనికిరాదు. అది మూసుకోవడానికి మైక్రోసెకండ్లు పడుతుంది, ఆ లోపు మాస్‌ఫెట్ (స్విచ్చుగా పనిచేసే ట్రాన్సిస్టర్) మళ్లీ ఆన్ అయి సప్లైని నేరుగా షార్ట్ చేస్తుంది. డయోడు వేడెక్కి పోతే కారణం ఇదే. అక్కడ యూఎఫ్4007, లేదా తక్కువ వోల్టేజీకి 1ఎన్5822 షాట్కీ (వేగంగా మూసుకునే రకం డయోడు) వేయాలి. షాట్కీ వోల్టేజీ రేటింగ్ 40 వోల్టులే, 24 వోల్టుల లైనులో మార్జిన్ తక్కువ.

డయోడు ఉల్టా పెడితే ఆన్ చేసిన క్షణమే సప్లైకి షార్ట్. డయోడు, ట్రాన్సిస్టర్ రెండూ పోతాయి. చాలాసార్లు డయోడు షార్ట్ అయిపోయి చూడ్డానికి బాగానే కనిపిస్తుంది.

డయోడు పెట్టినప్పటి నుంచి రిలే కాంటాక్టులు అంటుకుంటున్నాయి. డయోడు తీసేయాలా?

తీయొద్దు, జీనర్ (ఉల్టా దిశలో నిర్ణీత వోల్టేజీ దగ్గర కరెంటు వదిలే డయోడు) కలపండి. డయోడు ఒక్కటే ఉంటే కాయిల్ కరెంటు మెల్లగా తగ్గుతుంది, ఆర్మేచర్ బద్ధకంగా విడుస్తుంది. కాంటాక్టులు నెమ్మదిగా తెరుచుకుంటే మధ్యలో ఆర్క్ నిలబడి అవి కరిగి అతుక్కుంటాయి. డయోడుకు సిరీస్‌లో, ఎదురుబొదురుగా, ఒక 24 వోల్టుల ఒక వాట్ జీనర్ వేస్తే కాయిల్ తొందరగా ఖాళీ అవుతుంది.

అయితే స్విచ్చు మీద పడే వోల్టేజీ పెరుగుతుంది: 12 సప్లై, 24 జీనర్, డయోడు కలిపి దాదాపు 37. స్విచ్చుగా పెట్టిన ట్రాన్సిస్టర్ బీసీ547 అయితే పరిమితి 45 వోల్టులు, తట్టుకుంటుంది. బీసీ548 పరిమితి 30, పోతుంది. షాపులో రెండూ ఒకటే అని చేతిలో పెడతారు, ఒకటి కాదు.

రిలేలు నడిపే యూఎల్ఎన్2003 చిప్ వాడితే డయోడులు లోపలే ఉన్నాయి, కానీ 9వ పిన్‌ను కాయిల్ సప్లై ప్లస్‌కు కలిపితేనే అవి పనిచేస్తాయి. ఆ పిన్ గాలిలో వదిలేసిన బోర్డులు ఎన్నో. వేగం కావాలంటే 9వ పిన్‌కూ ప్లస్‌కూ మధ్య 24 వోల్టుల జీనర్ పెట్టండి, గీత పిన్ వైపు. మొత్తం 38 చుట్టూ వస్తుంది, చిప్ పరిమితి 50.

ఏసీ కాయిల్‌కూ ఇదే డయోడు వేయొచ్చా?

వేయకూడదు. ప్రతి రెండో అర సైకిల్‌లో అది షార్ట్. ఏసీకి వేరిస్టర్ (వోల్టేజీ హద్దు దాటగానే దారి ఇచ్చే పార్టు) గానీ, రెసిస్టర్–కెపాసిటర్ స్నబ్బర్ (దెబ్బను మింగే జంట) గానీ వేయాలి.

తోటల్లో వాడే 24 వోల్టుల ఏసీ డ్రిప్ వాల్వుకు 14డీ470 వేరిస్టర్, అది 30 వోల్టుల ఏసీకి రేట్ అయినది. 25 వోల్టులది వేస్తే లోడు లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ 28 దాకా పోయి వేరిస్టర్ మెల్లగా మాడుతుంది. 230 వోల్టుల కాయిల్‌కు 14డీ431, లేదా 100 ఓములు, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 (మెయిన్స్ మీద పెట్టేందుకు చేసిన తరగతి) కెపాసిటర్.

ఆ స్నబ్బర్‌ను కాయిల్ మీదే వేయండి, కాంటాక్టు మీద కాదు. కాంటాక్టు మీద వేస్తే అది తెరిచి ఉన్నా 230 వోల్టుల దగ్గర 7 మిల్లీఆంపియర్లు పారుతూనే ఉంటాయి. చిన్న రిలేలు ఆగకుండా గొణుగుతాయి, ఇండికేటర్ లైట్లు ఆరకుండా మిణుకుతాయి.

ఇంకొక మాట. 24 వోల్టుల ఏసీ వాల్వును 24 వోల్టుల డీసీకి కలపొద్దు. ఏసీలో కాయిల్ ఇండక్టెన్సు కూడా కరెంటును ఆపుతుంది, డీసీలో తీగ నిరోధం ఒక్కటే అడ్డు. కాసేపటికే మాడు వాసన వస్తుంది.

బోరు మోటరు మొబైల్ స్టార్టర్‌లో రిలే, లోపలి సప్లై తరచూ పోతున్నాయి. ఏం చేయాలి?

స్టార్టర్ కాంటాక్టర్ (మోటరుకు లైను ఇచ్చే పెద్ద రిలే) కాయిల్ చాలాచోట్ల 415 వోల్టులది. బోర్డు మీది చిన్న రిలే దాన్ని తెరిచిన ప్రతిసారీ ఎదురుదెబ్బ తింటుంది. కాంటాక్టర్ కాయిల్ మీద 14డీ821 వేరిస్టర్ వేయండి, అది 510 వోల్టుల ఏసీది. స్నబ్బర్ వేయాలనుకుంటే 275 వోల్టుల ఎక్స్2 కెపాసిటర్‌ను 415 మీద పెట్టొద్దు, పేలుతుంది. 440 వోల్టుల ఎక్స్1 తరగతిదే అడగండి.

జీఎస్ఎం మాడ్యూల్ (సిమ్ పెట్టే భాగం) కూడా ఒక సమస్యే. సిమ్800ఎల్ లాంటిది సిగ్నల్ పంపేటప్పుడు 2 ఆంపియర్ల దాకా గుంజుతుంది, దానికి 3.4 నుంచి 4.4 వోల్టులే కావాలి. అదే 12 వోల్టుల మీద రిలే కూడా ఉంటే రిలే పడ్డప్పుడు మాడ్యూల్ రీసెట్ అవుతుంది. కంట్రోల్ భాగానికి 1ఎన్5822 ద్వారా వేరే దారి ఇచ్చి, దాని తర్వాత 2200 మైక్రోఫారడ్ పెట్టండి. 200 మిల్లీఆంపియర్ల లోడుకు 3 వోల్టులు తగ్గే లోపు 33 మిల్లీసెకండ్ల ఊపిరి దొరుకుతుంది. రిలే పడి లేచే కుదుపుకు అది చాలు, కరెంటు పోవడానికి చాలదు.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక ఆటోస్టార్టర్లు తీసేయమని కరెంటు అధికారులు పదే పదే చెప్పారు. అయినా మొబైల్ స్టార్టర్‌లో ఆటో మోడ్ ఆన్ చేసి వదిలేస్తారు. లైను వచ్చిన క్షణమే ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటర్లన్నీ లేస్తే వోల్టేజీ కుంగి కాంటాక్టర్లు టకటకా కొట్టుకుంటాయి. ఒక్కో టకటకకూ ఒక్కో దెబ్బ. ఆటో తప్పదనుకుంటే ఆన్ డిలే పెట్టండి, పక్కచేనుకూ మీకూ ఒకే డిలే కాకుండా.

టేబుల్ సప్లైతో బ్యాటరీ ఛార్జి చేస్తుంటే కరెంటు పోయింది. సప్లైకి ఏమైనా అవుతుందా?

అవ్వొచ్చు. సప్లై లోపలి వైపు ఖాళీ అవుతుంది, బ్యాటరీ బయటి నుంచి 12 వోల్టులు తోస్తూనే ఉంటుంది, కరెంటు రెగ్యులేటర్‌లో ఉల్టా పారుతుంది. ఎల్ఎం317, 7812 రెగ్యులేటర్ చిప్‌లు వాడిన సప్లై అయితే ఔట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు ఒక 1ఎన్4007 (గీత ఇన్‌పుట్ వైపు) తప్పనిసరి. ఎల్ఎం317కు అడ్జస్ట్ పిన్ దగ్గర 10 మైక్రోఫారడ్‌ల కంటే పెద్ద కెపాసిటర్ ఉంటే, ఆ పిన్ నుంచి ఔట్‌పుట్‌కు ఇంకొకటి, గీత ఔట్‌పుట్ వైపు.

సప్లై పోకపోయినా బ్యాటరీ తగ్గిపోతుంది. లోపలి బ్లీడర్ (కెపాసిటర్‌ను ఖాళీ చేసే రెసిస్టర్), మీటరు కలిసి 20 మిల్లీఆంపియర్లు తాగినా వారానికి దాదాపు 3.4 ఆంపియర్ అవర్లు. 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో అది సగం.

మందు ఒక సిరీస్ డయోడు: సప్లై ప్లస్ నుంచి బ్యాటరీ ప్లస్‌కు, గీత బ్యాటరీ వైపు. 5 ఆంపియర్ల దాకా ఎంబీఆర్20100 లాంటి షాట్కీ చిన్న హీట్‌సింక్ మీద. డయోడులో అర వోల్టుకు పైనే పడుతుంది కాబట్టి వోల్టేజీని సప్లై మీటరు చూసి కాకుండా బ్యాటరీ టెర్మినల్ దగ్గర మల్టీమీటరుతో సెట్ చేయండి. సీల్డ్ లెడ్ యాసిడ్‌కు నిలకడగా వదిలేయాలంటే 13.5–13.8, కరెంటు సామర్థ్యంలో పదో వంతు. రిమోట్ సెన్స్ (లోడు దగ్గరి వోల్టేజీని వేరే తీగలతో చూసుకునే ఏర్పాటు) ఉన్న సప్లైలో సెన్స్ తీగలను డయోడు తర్వాత కలిపితే, సప్లై ఆపినప్పుడు బ్యాటరీ ఆ సన్నతీగల గుండా లోపలికి పోతుంది. అలా కలపొద్దు.

సిరీస్ డయోడు ఉంది కదా, బ్యాటరీ ఉల్టా కలిపినా భయం లేదా?

ఉంది, చాలా ఉంది. ఎక్కువమంది తప్పుగా అనుకునేది ఇక్కడే. సప్లై ఔట్‌పుట్ మీద లోపల ఒక రక్షణ డయోడు ఉంటుంది, గీత ప్లస్ వైపు. బ్యాటరీని ఉల్టా కలిపితే దాని కరెంటు సప్లై మైనస్‌లోకి వెళ్లి, ఆ లోపలి డయోడు గుండా ప్లస్‌కు వచ్చి, మీ సిరీస్ డయోడును సరైన దిశలోనే దాటి తిరిగి బ్యాటరీకి చేరుతుంది. సిరీస్ డయోడు దాన్ని ఆపదు, దారి ఇస్తుంది. 150 ఆంపియర్ అవర్ల ఇన్వర్టర్ బ్యాటరీ ఆ దారిలో వందల ఆంపియర్లు పంపగలదు.

దీనికి ఫ్యూజే దిక్కు. బ్యాటరీ ప్లస్ దగ్గర, తీగ మొదట్లోనే, ఛార్జింగ్ కరెంటుకు ఒకటిన్నర రెట్లది. ఓవర్ వోల్టేజీకి క్రోబార్ థైరిస్టర్ (వోల్టేజీ హద్దు దాటితే ఔట్‌పుట్‌ను షార్ట్ చేసే పార్టు) ఉన్న సప్లైకి కూడా ఫ్యూజు తప్పదు. సిరీస్ డయోడు లేని చోట క్రోబార్ ఆన్ అయిందంటే అది సప్లైని షార్ట్ చేసినట్టే బ్యాటరీనీ షార్ట్ చేస్తుంది, ముందు కాలేది థైరిస్టరే.

డీసీ మోటరుకు బ్రేక్ వేస్తే ఎస్ఎంపీఎస్ ఆగిపోతోంది. డయోడు చాలా?

చాలదు. ఈ పేజీలో తీరిగ్గా చదవాల్సిన జవాబు ఇదే.

మోటరు ఆగేటప్పుడు జనరేటరు అవుతుంది, హెచ్–బ్రిడ్జి (మోటరును రెండు దిక్కులా తిప్పే డ్రైవర్) ఆ కరెంటును సప్లై ప్లస్‌లోకి ఎత్తి పంపుతుంది. 24 వోల్టుల లైనులో 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉందనుకోండి. ఒక్క జౌల్ వచ్చి పడితే వోల్టేజీ 51కి చేరుతుంది. పైన చెప్పిన గేటు 6 జౌళ్లూ వచ్చి పడితే లెక్క ప్రకారం 112. రాపిడిలో, తీగల్లో కొంత పోతుంది, అయినా ఎస్ఎంపీఎస్ ఓవర్ వోల్టేజీ రక్షణ పనిచేసి ఆగడానికి నాలుగు వోల్టులు పెరిగినా సరిపోతుంది. మీకు కనిపిస్తున్న ఆగిపోవడం అదే. కాసేపు మెయిన్ తీసి పెడితే మళ్లీ వస్తుంది కాబట్టి సప్లై చెడిపోయిందని మార్చేస్తారు, కొత్తది కూడా అదే చేస్తుంది.

సిరీస్ డయోడు పెడితే సప్లై బతుకుతుంది, కానీ ఎనర్జీ ఎక్కడికీ పోలేదు, డ్రైవర్ వైపే మిగిలింది. ఎల్298 పరిమితి 50 వోల్టులు, బీటీఎస్7960 పరిమితి ఇంకా తక్కువ. సప్లైని కాపాడబోయి డ్రైవర్‌ను కాల్చినట్టు. అందుకని సిరీస్ డయోడుకు అవతల, డ్రైవర్ పక్కనే, బ్రేక్ రెసిస్టర్ పెట్టాలి.

24 వోల్టులకు పనిచేసే అమరిక: టీఎల్431 (వోల్టేజీ హద్దు దాటితే కరెంటు గుంజే చిప్) రిఫరెన్సు పిన్‌కు ప్లస్ నుంచి 10 కిలోఓములు, అక్కడి నుంచి గ్రౌండుకు 1 కిలోఓము. పనిచేసే వోల్టేజీ 2.495ను 11తో హెచ్చిస్తే 27.4. టీఎల్431 కాథోడ్ నుంచి 4.7 కిలోఓముల ద్వారా బీసీ557 బేస్‌కు, బీసీ557 ఎమిటర్ ప్లస్‌కు, బేస్–ఎమిటర్ మధ్య 1 కిలోఓము. ఈ 1 కిలోఓము మానేయొద్దు. టీఎల్431 పనిచేయని వేళ కూడా కొద్దిగా కరెంటు గుంజుతుంది, ఆ కొద్దిపాటికే బీసీ557 ఆన్ అయి రెసిస్టర్ ఎప్పుడూ కాలుతూ ఉంటుంది. బీసీ557 కలెక్టర్ నుంచి 2.2 కిలోఓముల ద్వారా ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ గేటుకు. గేటు నుంచి గ్రౌండుకు 10 కిలోఓములు, పక్కనే 12 వోల్టుల జీనర్. జీనర్ లేకపోతే గేటుకు దాదాపు 22 వోల్టులు పోతాయి, దాని పరిమితి 20. డ్రెయిన్‌కూ ప్లస్‌కూ మధ్య 10 ఓముల 50 వాట్ల అల్యూమినియం బాడీ రెసిస్టర్.

పనిచేసేటప్పుడు 2.7 ఆంపియర్లు, 75 వాట్లు, కానీ క్షణం సేపే. ఈ సర్క్యూట్‌కు హిస్టెరిసిస్ (ఆన్, ఆఫ్ వోల్టేజీల మధ్య తేడా) లేదు కాబట్టి 27.4 చుట్టూ మాస్‌ఫెట్ సగం సగం తెరుచుకుని తానూ వేడెక్కుతుంది, హీట్‌సింక్ తప్పదు. పెట్టాక పరీక్షించడం తేలిక: మోటరు విప్పేసి, వేరియబుల్ సప్లైని కరెంటు లిమిట్ ఒక ఆంపియరుకు పెట్టి 24 నుంచి మెల్లగా పెంచండి. 27.4 దగ్గర వోల్టేజీ ఆగిపోయి కరెంటు పెరగాలి. 26 లోపే కరెంటు పారితే రెసిస్టర్ విలువలు మళ్లీ చూడండి.

సప్లై ఆన్ కాగానే పడిపోయి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోంది. లోడులో షార్ట్ లేదు. మరేంటి?

పెద్ద కెపాసిటర్. ఖాళీ కెపాసిటర్ ఆన్ చేసిన క్షణాన షార్ట్‌లాగే కనిపిస్తుంది. షార్ట్ చూసినప్పుడు ఆగి మళ్లీ లేచే రకం ఎస్ఎంపీఎస్ దాన్ని ఎప్పటికీ నింపలేదు. 24 వోల్టుల దగ్గర 10,000 మైక్రోఫారడ్‌లకు 47 ఓముల 5 వాట్ల రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి, రెండున్నర సెకన్ల తర్వాత రిలేతో దాన్ని దాటించండి. మొదటి కరెంటు అర ఆంపియరే అవుతుంది. ఆ రెండున్నర సెకన్లలో డ్రైవర్ మోటరును తిప్పకూడదు. తిప్పితే వోల్టేజీ పైకి రాదు, రెసిస్టర్ మాడుతుంది.

సూపర్ కెపాసిటర్లకు కరెంటు లిమిట్ ఉన్న టేబుల్ సప్లై మేలు. 2.7 వోల్టుల, 100 ఫారడ్‌ల సెల్స్ ఆరు సిరీస్‌లో ఉంటే మొత్తం 16.7 ఫారడ్‌లు, 5 ఆంపియర్లతో 15 వోల్టులకు 50 సెకన్లు. లీనియర్ సప్లై అయితే మొదట్లో వోల్టేజీ అంతా పాస్ ట్రాన్సిస్టర్ మీదే పడుతుంది కాబట్టి 2 ఆంపియర్లకు మించొద్దు. సిరీస్ డయోడు ఇక్కడ కూడా.

ట్రాక్టరు మీద పెట్టిన ఎలక్ట్రానిక్స్ ఎందుకు నిలవవు?

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడితే ఆల్టర్నేటరు కరెంటుకు దారి పోతుంది. ఐఎస్ఓ 16750–2 ప్రమాణం 12 వోల్టుల బండికి ఈ దెబ్బను 79 నుంచి 101 వోల్టుల వరకు, 400 మిల్లీసెకండ్ల దాకా పరీక్షిస్తుంది. 600 వాట్ల పీ6కేఈ రకం టీవీఎస్ (వోల్టేజీ దెబ్బను పట్టేసే డయోడు) అంతసేపు తట్టుకోదు, ఎస్ఎం8ఎస్ లాంటి పెద్దది కావాలి. టెర్మినల్ బిగించుకోవడం దానికన్నా చవక.

పొలంలో వాల్వు 200 మీటర్ల దూరంలో ఉంది. డయోడు ప్యానెల్‌లో పెట్టాలా, వాల్వు దగ్గరా?

వాల్వు దగ్గర. అక్కడ పెడితే కాయిల్ కరెంటు అక్కడే తిరుగుతుంది, పొడుగు తీగలో పారదు. తీగకు కూడా మీటరుకు దాదాపు ఒక మైక్రోహెన్రీ ఉంటుంది కాబట్టి ప్యానెల్ లోపల స్విచ్చు దగ్గర చిన్న టీవీఎస్ అదనంగా పెట్టండి. 12 వోల్టులకు పీ6కేఈ18ఏ, పూర్తి దెబ్బలో 25 వోల్టుల దగ్గర పట్టేస్తుంది. పిడుగు వేరే సంగతి, దానికి ఇవేవీ చాలవు. ఉరుములప్పుడు ప్లగ్గు పీకేయడమే.

ప్యానెల్ ఎండలో ఉంటే ఇంకొకటి చూసుకోవాలి. చాలా ఎస్ఎంపీఎస్‌లు 50 డిగ్రీలు దాటితే పూర్తి లోడు మోయవు. మే నెల నల్లగొండలో నీడలోనే 43–45, ఎండలో ఇనుప డబ్బా లోపల ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. కావాల్సిన దానికి రెండింతల సప్లై తీసుకుని, డబ్బాను చెట్టు నీడకో ఉత్తరం గోడకో మార్చండి.

టేబుల్ సప్లైతో పెద్ద కాయిల్ నడిపేటప్పుడు ఆపే పద్ధతి ఏదైనా ఉందా?

కరెంటు నాబ్‌ను మెల్లగా సున్నాకు తిప్పి, తర్వాత ఔట్‌పుట్ ఆపి, చివరగా తీగ తీయండి. కరెంటు పారుతుండగా తీగ పీకితే ఆర్క్ మీ వేళ్ల దగ్గర వస్తుంది, ఔట్‌పుట్ బటన్ నొక్కితే సప్లై లోపలి రిలేలో వస్తుంది. కాయిల్ మీద డయోడు శాశ్వతంగా, క్రొకడైల్ క్లిప్పుతో కాకుండా సోల్డర్ చేసి ఉండాలి.

మల్టీమీటరులో స్పైక్ కనబడట్లేదు. అంటే లేనట్టేనా?

కాదు. మల్టీమీటరు సెకనుకు రెండు మూడు సార్లే చూస్తుంది, స్పైక్ మైక్రోసెకండ్లలో వచ్చి పోతుంది. ఆసిలోస్కోప్ కావాలి, ప్రోబు 10ఎక్స్‌లో పెట్టి. 1ఎక్స్‌లో పెడితే స్కోప్ ఇన్‌పుటే దెబ్బ తినొచ్చు. స్కోప్ లేకపోతే దగ్గర్లోని పాలిటెక్నిక్ ల్యాబులో అడిగి చూడండి.

ఈ పార్టులు ఎక్కడ దొరుకుతాయి?

1ఎన్4007, 1ఎన్5408, బీసీ547, మామూలు వేరిస్టర్లు జిల్లా కేంద్రాల్లోని రిపేరు షాపుల్లోనే దొరుకుతాయి. యూఎఫ్4007, ఎక్స్1 కెపాసిటర్లు, పెద్ద టీవీఎస్‌లకు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ. వెళ్లేటప్పుడు పాత పార్టు కాకుండా దాని నంబరు రాసుకుని వెళ్లండి, కాలిన పార్టు చూపిస్తే దగ్గర పోలికలున్నది ఏదో ఒకటి ఇస్తారు. కొన్న వేరిస్టర్ మీద 471 అని ఉంటే అది 300 వోల్టుల ఏసీది, 431 ఉంటే 275ది. రాత్రిళ్లు వోల్టేజీ 260 దాటే ఊళ్లలో 471 ఎక్కువ కాలం నిలుస్తుంది.